ముందు స్కోరు చెప్పు

సెలూన్ మామ షాపులో టీవీ ఎప్పుడూ ఆటల మీదే ఉంటుంది. కుర్చీలో కూర్చున్నవాళ్లు "మామా, నువ్వు ఎవరి పార్టీ?" అని అడిగితే, కత్తెర ఆపకుండానే "ముందు స్కోరు చెప్పు" అంటాడు. వెనకబడ్డవాళ్లదే మామ పార్టీ. వాళ్లు పుంజుకుని ముందుకొచ్చారంటే, మొహమాటం లేకుండా అవతలి పక్షంలోకి దూకేస్తాడు. ఇదేం గోడమీద పిల్లివాటమని ఎవరైనా వెక్కిరిస్తే జవాబు సిద్ధంగా ఉంటుంది.

"గెలిచేవాడికి లోకమంతా ఉంది. ఓడేవాడికి నేనైనా ఉండొద్దూ?"

పైకి చెప్పని సంగతి ఇంకొకటుంది. ఎదురుగా ఏసీ సెలూన్ తెరిచాక మామ కుర్చీలు సగం ఖాళీ. టీవీలో ఎవడో అనామకుడు గెలిచిన రోజు, తనకూ ఇంకా ఆశ ఉందనిపిస్తుంది.

మామ కూతురు బ్యాడ్మింటన్ ఆడుతుంది. చిన్నప్పటి నుంచీ ఓడిపోతూనే వచ్చింది. ఆ ఓటములన్నిటికీ మామ గొంతు బొంగురుపోయేలా అరిచాడు. ఈ ఏడాది ఏమైందో గానీ వరసపెట్టి గెలిచి ఫైనల్‌కు వచ్చేసింది.

ఫైనల్లో ఎదుటి పిల్ల కొత్తది. బూట్లు కాళ్లకు వదులు. నుదుటి మీద జుట్టు ఎగుడుదిగుడుగా ఉంది, ఇంట్లో ఎవరో కత్తిరించారని మామ చూడగానే పసిగట్టాడు. మొదటి గేమ్ కూతురు అవలీలగా గెలిచింది. రెండోదాంట్లోనూ తనే ముందుంది. అప్పుడా పిల్ల నేల మీద పడి మరీ షటిల్ అందుకుని పాయింటు సాధించింది.

"శభాష్ తల్లీ! వదలకు, కొట్టు!"

హాలంతా మోగిన ఆ గొంతు ఎవరిదా అని మామ కూడా చూడబోయాడు. తనదే.

కూతురు ఒక్కసారి గ్యాలరీ వైపు చూసింది. ఆ తర్వాత తేలిక షాట్లు కూడా నెట్‌కు కొట్టి ఆ గేమ్ పోగొట్టుకుంది. మూడోదాంట్లో ఆమె వెనకబడగానే మామ "కొట్టు బంగారం!" అని మళ్లీ ఇటు తిరిగాడు. కూతురు తలెత్తలేదు. పంటి బిగువున ఆడి గెలిచింది.

ఇంటికి వెళ్లేముందు షాపు దగ్గర ఆగారు. గెలిచిన కప్పు ఒళ్లో పెట్టుకుని ఖాళీ కుర్చీలో కూలబడింది కూతురు.

"నేను వెనకబడితేనే నీ కూతుర్నా, నాన్నా?"

"అలవాటులో నోరు జారిందమ్మా."

"ఇన్నేళ్లూ నీ అరుపు వింటూ ఆడాను. ఇవాళ గెలుస్తుంటే భయమేసింది. ఇక నాకెవరూ ఉండరేమో అనిపించింది."

మామకు తన మాటే గుర్తొచ్చింది. గెలిచేవాడికి లోకమంతా ఉందన్నది తనే. ఈ పిల్లకు ఆ లోకం తనొక్కడేనని ఇన్నాళ్లూ తట్టనే లేదు. సిగ్గనిపించింది.

తర్వాతి టోర్నీలో కూతురు మొదటి నుంచీ ఆధిక్యంలో ఉంది. హాలంతా ఎదుటి అమ్మాయి కోసం చప్పట్లు కొడుతోంది. మామ చేతులు కూడా దురద పెట్టాయి. వాటిని తొడల కింద అణిచిపెట్టి గొంతు విప్పాడు.

"కొట్టు బంగారం!"

షాపుకు రోజూ వచ్చే మాస్టారు పక్క సీట్లోంచి మోచేత్తో పొడిచాడు. "ఏంటి మామా, స్కోరు చూశావా? ముందున్నది మీ అమ్మాయే!"

"చూడలేదు మాస్టారూ," అన్నాడు మామ కోర్టు మీంచి కళ్లు తిప్పకుండా. "నా కూతురు ఆడుతోంది, అంతే."