మారెన్న రోకళ్ళు

ఆ ఇత్తడి పలక చెక్కడానికి ఓబులేసుకు మూడు శుక్రవారాలు పట్టింది. ఖతర్‌లోని మెసయీద్‌లో కంకర మిషన్లు బాగుచేసే వర్క్‌షాపులో అతను పద్నాలుగేళ్ళుగా ఫిట్టరు. సెలవు రోజు క్యాంపులో అందరూ బట్టలు ఉతుక్కుంటూ, ఇంటికి వీడియో కాల్స్ చేసుకుంటూ ఉంటే, ఇతను మంచం మీద ముడుచుకు కూర్చుని ఒక్కో అక్షరం చెక్కాడు: 'మిల్లు మేస్త్రీ మారెన్న'.

మారెన్న అతని నాయన. అనంతపురం జిల్లాలో ఎప్పుడో మూతపడిన ఒక బంగారు గనిలో, రాళ్ళు దంచే మిల్లు దగ్గర ఇరవై రెండేళ్ళు పనిచేశాడు. ఆ మోతకు చెవులు పోయాయి, ఆ దుమ్ముకు ఊపిరితిత్తులు పోయాయి, చివరికి దగ్గి దగ్గి మనిషే పోయాడు. గని కాగితాల్లో ఆయన పేరు లేదు, 'కూలీ' అని ఉంది. ఒక్క ఇనుప ముక్క మీదైనా ఆ పేరు ఉండి తీరాలని ఓబులేసు పంతం.

ఆ పంతం తీరే రోజు ఖతర్‌లో వచ్చింది చూడండి! కంపెనీలో పెద్ద అధికారి మరీహా మేడం. వర్క్‌షాపు ముందు హాల్లో పాతకాలపు రాతి మిషన్ల నమూనాలు పెట్టాలనీ, అవి నిజంగా పనిచెయ్యాలనీ ఆవిడ కోరిక. "బంగారు రాయి దంచే మిల్లు నేను చేస్తా" అని ఓబులేసు ముందుకొచ్చాడు. ఐదు నెలలు, డ్యూటీ అయ్యాక రోజుకో గంట. నడుమెత్తు చట్రం, అందులో వరసగా ఐదు ఇనుప రోకళ్ళు, కింద ఇనుప తొట్టి, తొట్టిలోకి సన్నటి నీళ్ళధార. పైన ఇరుసు తిరుగుతుంటే దానికున్న ఐదు కొక్కేలు ఒక్కో రోకలినీ ఎత్తి వదిలేస్తాయి. రోకళ్ళ అడుగున రాయిని దంచే మడమలు లేత్ మీద చేసిచ్చింది హైదరాబాదు ఖుత్బుద్దీన్.

అంతా డ్రాయింగులో ఉంది, ఒక్కటి తప్ప. రోకళ్ళు పడాల్సిన వరస. ఒకటి, నాలుగు, రెండు, ఐదు, మూడు. అలా పడితేనే రాయి తొట్టిలో సమానంగా సర్దుకుంటుంది. చెవుడొచ్చిన మారెన్న పసివాణ్ణి నిద్రపుచ్చడానికి పాట పాడలేక, వాడి వీపు మీద ఐదు వేళ్ళతో ఆ వరసే తట్టేవాడు. బొటనవేలు, ఉంగరంవేలు, చూపుడువేలు, చిటికెనవేలు, నడిమివేలు. ఓబులేసుకు అక్షరాలు రాకముందే ఆ వరస వచ్చు.

ఇక సుబ్బారావు సంగతి. వర్క్‌షాపు ఇంజనీరు, కాకినాడ మనిషి. ఆయన చెయ్యి ఎప్పుడూ రెండింటి మీదే ఉంటుంది: ఒకటి టీ కప్పు, రెండోది ఇంకొకడి పని. ప్రారంభానికి రెండు రోజుల ముందు ఓబులేసు హాల్లోకి వెళ్ళేసరికి మిల్లుకు బిగించిన ఇత్తడి పలక లేదు. దాని చోట తళతళలాడే స్టీలు రేకు, మీద 'డిజైన్: సుబ్బారావు' అని.

"నా పలక యాడ సార్?"

"ఏవయ్యా ఓబులేసూ, పెద్దపెద్దవాళ్ళు వచ్చే చోట మీ నాన్న పేరేంటయ్యా? ఆయనేమన్నా ఇంజనీరా? రోకలి దగ్గర కూలోడు! డ్రాయింగు మీద సంతకం నాదే కదా. వెళ్ళు, పని చూసుకో."

పలక తుక్కు డ్రమ్ములో దొరికింది, మారెన్న పేరుకు అడ్డంగా ఒక గీత పడి. ఓబులేసు దాన్ని చొక్కాకు తుడిచి జేబులో పెట్టుకున్నాడు. కూలోడంట! ఒళ్ళంతా కారం పూసినట్టయింది. ఒక్క గుద్దు గుద్దితే సరిపోయేది, కానీ గుద్దితే తను ఊరికి, సుబ్బారావు మాత్రం ఇక్కడే ఉంటాడు. నలుగురిలో ఆయన ముఖం మాడాలి. అది చూడందే అన్నం ఒంటబట్టదని తెలిసిపోయింది.

మధ్యాహ్నం భోజనాల వేళ హాలు ఖాళీగా ఉన్నప్పుడు అలెన్ కీ తీసుకుని ఐదు కొక్కేలూ వదులు చేశాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. మెట్లలా అందంగా కుదిర్చి మళ్ళీ బిగించాడు.

వెనక నుంచి ఖుత్బుద్దీన్ చూడనే చూశాడు. "క్యా కర్‌రే భాయ్? వరస మార్చినవా? రాయి ఏస్తే ఖరాబ్ ఐతది!"

"కానీలే భాయ్."

"మీ అబ్బా మిల్లు భై అది!"

ఆ మాట చురుక్కుమంది. అయినా ఓబులేసు చెయ్యి ఆగలేదు.

సాయంత్రం సుబ్బారావు వచ్చి, రాయి లేకుండా మిషన్ తిప్పి చూసుకున్నాడు. రోకళ్ళు ఈ చివర నుంచి ఆ చివరకు ఒకదాని వెనక ఒకటి లేచిపడుతుంటే మురిసిపోయాడు. "అబ్బ! నిన్నటికంటే బాగుందయ్యా!"

"రాయేసి ఒకసారి సూద్దామా సార్?"

"మాఫీ, కుదరదు! ఇప్పుడే టైల్స్ తుడిపించాను. దుమ్ము పడితే నువ్వు కడుగుతావా?"

ఓబులేసు మళ్ళీ అడగలేదు. అడగాల్సింది అడిగేశాడు, ఇంక తన పాపం లేదు.

ప్రారంభం రోజు పొద్దున పదింటికి మరీహా మేడం, పాతికమంది అతిథులు వచ్చారు. సుబ్బారావు టై కట్టుకుని, తాను రాత్రింబవళ్ళు ఎలా ఆలోచించాడో ఇంగ్లీషులో చెప్పుకొచ్చాడు. తన చేత్తోనే గుప్పెళ్ళకొద్దీ నల్లకంకర తొట్టిలో పోసి, "యల్లా, కానిద్దాం!" అని స్విచ్ నొక్కాడు.

ఒక్క నిమిషం బాగానే నడిచింది. చప్పట్లు కూడా పడ్డాయి. తర్వాత రాయంతా నీళ్ళతోపాటు ఐదో రోకలి వైపు జరగడం మొదలెట్టింది. ఆ చివర కుప్ప పెరిగి ఐదో రోకలి దాని మీదే కూర్చుండిపోయింది. కొక్కెం ఖాళీగా తిరుగుతోంది. ఈ చివర ఒకటో రోకలి కింద రాయి నలుసు కూడా లేదు. ఇనుము మీద ఇనుము! ఠంగ్, ఠంగ్, ఠంగ్! అతిథులు చెవులు మూసుకున్నారు. ఓబులేసుకు ఒక్కో దెబ్బా వీపు మీద పడింది. అయినా సుబ్బారావు ముఖం మీద నుంచి చూపు తిప్పలేదు. ఆ చెమట చూడ్డానికే కదా ఇదంతా.

మిషన్ ఆపించి మరీహా మేడం అడిగింది. "మీ డిజైనే కదా? సరిచెయ్యండి."

సుబ్బారావు మోటారు మూత విప్పాడు, వోల్టేజీ అన్నాడు, బెల్టు అన్నాడు. ఆఖరికి ఓబులేసు పక్కకు చేరి గొంతు తగ్గించాడు. "నాయనా, పరువు పోతోందయ్యా. కాస్త చెయ్యి వెయ్యి."

"నావి కూలోడి చేతులు సార్. మీరే తిప్పండి. నేను సెప్తా."

దిక్కులేక ఇంజనీరుగారు టైల్స్ మీద మోకాళ్ళేశాడు. ఓబులేసు తొట్టి ఎత్తి రాయి సర్దాడు. అలెన్ కీ ఆయన చేతికిచ్చి వెనక నిలబడ్డాడు. "ఎట్లా పడల్లో సెప్తా ఇనండి" అంటూ ఐదు వేళ్ళూ ఆయన వీపు మీద పెట్టాడు. ఒకటి. నాలుగు. రెండు. ఐదు. మూడు. నాయన తట్టినట్టు కాదు, ఒక్కో వేలూ ఎముకకు తగిలేట్టు పొడిచాడు. పాతికమంది ముందు సుబ్బారావు ఒక్కో కొక్కేన్నీ తిప్పి బిగించాడు.

ఈసారి రాయి సమానంగా పరుచుకుంది. దబ్, దబ్, దబ్. తొట్టి అంచు మీంచి బూడిదరంగు నీళ్ళు జారాయి.

"ఈ వరస ఎవరిది?" అంది మేడం.

ఓబులేసు జేబులోంచి పలక తీసి సుబ్బారావు చేతిలో పెట్టాడు. "సదవండి సార్. అందరికీ ఇనపడేట్టు."

సుబ్బారావు మేడం వైపు చూశాడు, పలక వైపు చూశాడు. టై సర్దుకుని చదివాడు. "మిల్లు మేస్త్రీ... మారెన్న." మేడం చెప్పగానే స్టీలు రేకు తన చేత్తోనే పీకి, ఇత్తడి పలక తన చేత్తోనే బిగించాడు.

అతిథులు వెళ్ళిపోయాక ఖుత్బుద్దీన్ వంగి చెవిపెట్టాడు. నాలుగు రోకళ్ళు దబ్ అంటున్నాయి, ఒకటోది చిన్నగా జీరపోతోంది. ఇనుము మీద పడ్డప్పుడే మడమ చిట్లింది.

"పగిలింది భై. రేపు కొత్తది చేసిస్త."

ఓబులేసు మిషన్ ఆపి, చిట్లిన చోట వేలితో తడిమాడు. నాయన మిల్లును పగలగొట్టింది సుబ్బారావు కాదు. హాలుకు ఆనుకునే సుబ్బారావు గాజు క్యాబిన్ ఉంది. తలుపు మూసుకుని ఆయన అటు తిరిగి కూర్చున్నాడు.

"వద్దు భాయ్, ఉండనీ. దినామూ ఆయప్పకు ఇనపడల్ల" అన్నాడు. పలక మీది గీతను బొటనవేలితో రుద్దుతూ, కొంచెం ఆగి మళ్ళీ అన్నాడు. "నాకూ ఇనపడల్ల."