నీళ్లలో కలిపిన గ్రాఫైట్

ఆ ఉదయం అక్క ఫ్యాక్టరీ ల్యాబ్‌లో కుదురుగా కూర్చోలేకపోయింది. లేవడం, కిటికీలోంచి ఫోర్జింగ్ షెడ్డు వైపు చూడటం, మళ్లీ కూర్చోవడం. అక్కడ పెద్ద హ్యామర్ మెషిన్ మీద పనిచేస్తున్నది ఆమె తమ్ముడు. ఎర్రగా కాలిన ఇనుప ముక్కను కింది అచ్చులో పెట్టి, పై అచ్చుతో మోది రెంచీలు చేయడం అతని పని.

ఇనుము అచ్చుకి అతుక్కోకుండా మధ్యలో ఏదో ఒకటి పూయాలి. తాత రోజుల్లో పశువుల కొవ్వు పూసి, గుప్పెడు రంపపు పొట్టు చల్లేవారు. నాన్న కాలానికి నూనెలో కలిపిన గ్రాఫైట్ వచ్చింది. అచ్చులు ఎక్కువ కాలం మన్నాయి గానీ, దెబ్బ పడ్డప్పుడల్లా నూనె భగ్గుమనేది. పని నుంచి వచ్చిన నాన్న మసి మొహంలో కళ్లు తప్ప ఇంకేమీ కనపడేది కాదు.

పోయినేడు ఆ మంటే తమ్ముడి చేతిని కాల్చింది. ఆసుపత్రి నుంచి వచ్చాక అతను మళ్లీ అదే హ్యామర్ దగ్గరికి వెళ్లాడు. అప్పటినుంచి అక్కకి మనసు మనసులో లేదు. వేరే ఫ్యాక్టరీల్లో నూనె మానేసి గ్రాఫైట్‌ను నీళ్లలో కలుపుతున్నారని తెలిసి, నెలల తరబడి తంటాలు పడి ఆ మిశ్రమం తయారుచేసింది.

ఆ ఉదయమే దాన్ని మొదటిసారి హ్యామర్ దగ్గర వాడబోతుంటే ఫోర్‌మన్ పెదవి విరిచాడు. "కాలే అచ్చు మీద నీళ్లేంటమ్మా? సరే, భోజనాల బెల్లు దాకా చూద్దాం. కుదరకపోతే పాత నూనే."

ఉన్నట్టుండి హ్యామర్ చప్పుడు ఆగిపోయింది. అక్క పరుగున వెళ్లింది. తమ్ముడు చెమటలు కక్కుతూ, అచ్చులో ఇరుక్కున్న రెంచీని పలుగుతో పెకలిస్తున్నాడు.

"నీ కషాయం పనిచెయ్యట్లేదక్కా. వరసగా మూడు రెంచీలు అతుక్కున్నాయి."

"వెటకారం తర్వాత. ఎలా కొడుతున్నావో చూపించు."

అతను స్ప్రే గన్ నొక్కాడు. చుక్కలు అచ్చు మీద గంతులేసి జారిపోయాయి.

"చూడు, కాగిన పెనం మీద నీళ్లలా దొర్లిపోతున్నాయి. పూత పడితేగా?"

అక్క అచ్చు దగ్గరికి చెయ్యి చాపి వేడి చూసింది. ల్యాబ్‌లో ఆమె పరీక్షించిన రేకు ఇంత వేడెక్కలేదు.

"అచ్చు మరీ కాగిపోయింది. ముందు గాలి కొట్టి కాస్త చల్లార్చు. నాజిల్ బిగించు, సన్నటి తుంపరే పడాలి."

ఈసారి చుక్కలు జారలేదు. చుయ్యిమని నీరు ఇగిరిపోయి, బూడిదరంగు పూత మిగిలింది. హ్యామర్ దిగింది. మంట లేదు, కాస్త ఆవిరి లేచిందంతే. తమ్ముడు పట్టకారుతో అందుకోగానే రెంచీ ఇట్టే ఊడి వచ్చేసింది. తర్వాతదీ అంతే, ఆ తర్వాతదీ అంతే.

బెల్లు మోగింది. ఫోర్‌మన్ అచ్చులోకి వంగి చూశాడు. "సాయంత్రం దాకా కానివ్వండి," అన్నాడు. సాయంత్రానికి పాత నూనె డ్రమ్ములను గోడౌన్‌కి పంపించేశాడు.

షిఫ్టు అయ్యాక అక్కాతమ్ముళ్లు గేటు దాకా వచ్చారు. అక్క ఆగిపోయింది.

"కలపకుండా వదిలేస్తే గ్రాఫైట్ అడుక్కి దిగిపోతుందిరా. రేపు పొద్దున ఎవరైనా పైన తేరిన నీళ్లే కొట్టేస్తే?"

"రేపు పొద్దున కొట్టేది నేనే కదక్కా. కలిపే కొడతాను. ఇంక పద."

"నువ్వు నడుస్తూ ఉండు, ఒక్కసారి చూసి వచ్చేస్తా," అని ఆమె అప్పటికే వెనక్కి తిరిగింది. తమ్ముడు నిట్టూర్చి, టిఫిన్ డబ్బా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, ఆమె వెనకాలే నడిచాడు.