అమావాస్య గుడ్డలు

"రేపు పొద్దున ఆఫీసరుదొర ఏటి నీళ్ళ సాంపిల్ ఎత్తను వస్తాడహో!"

తలారి సెంగోడన్ తప్పెట కొట్టి చెప్పాడు. ముసలి పళనియమ్మాళ్ ఎడమ చెవిని క్వారీ పేలుళ్ళు ఏనాడో మింగేశాయి. మిగిలిన చెవిలో పడింది 'సాంబల్', అంటే అరవంలో బూడిద. సర్కారు అడిగేవన్నీ అర్థమయ్యే ఇస్తున్నామా అనుకుని, పొయ్యిలో బూడిద గంపకెత్తింది.

ఏటా ఇదే తంతు. క్వారీకి ఎగువన, వంతెన దగ్గర జీపు ఆగుతుంది. సీసా నిండుతుంది. 'నీళ్ళు మంచివి' అని కాగితం వస్తుంది. రాయి కోసే మరల రాతిపిండి నీళ్ళు కలిసేది వంతెనకు దిగువన. తాగేది ఇంకా దిగువనున్న వీధి. వాళ్ళకు వేరే బావి లేదు. ఈసారి కాగితం బాగుంటే క్వారీకి ఇంకో పదేళ్ళు అనుమతి.

ఆ సాయంత్రం అందరూ వేడియప్పన్ గుడి దగ్గర చేరారు. కుండమూతికి కట్టే వడగుడ్డను అమావాస్యకు మార్చి, పాతదాన్ని గుళ్ళో తాడుకు వరసగా ముడి వేయడం ఆ వీధి ఆచారం. తాడుకు ఒక చివర క్వారీ రాకముందటి తెల్లగుడ్డలు, మరో చివర బూడిదరంగువి. రాయి కొట్టేవాళ్ళకు రాయడం రాదు, అయినా ఏడేళ్ళ ఏటి కథ ఆ తాడు మీదే ఉంది.

"క్వారీ మూసేస్తే కూడుకేం చేసేదక్కా?" అన్నాడు రాయి కొట్టే తిమ్మరాయన్.

"కూడు తిని ఏం తాగుతావురా? మూసేయమని ఎవురన్న్యారు? పిండినీళ్ళు ఏట్లోకి ఇడవొద్దంటుండాము," అంది అదే వీధి రాసాత్తి.

ఆఫీసరుకు తాడు చూపించాలని తీర్మానమైంది.

తెల్లారేసరికి తాడు తడిగా ఉంది. దొర చూసే దేవుని గుడ్డలు మురికిగా ఉంటే బాగుండదని, పళనియమ్మాళ్ అన్నీ ఏట్లో ఉతికి ఆరేసింది.

"అయ్యో అవ్వా! ఏడేండ్ల సాక్షిని ఉతికేస్తివే!" రాసాత్తి నెత్తి కొట్టుకుంది. పళనియమ్మాళ్ కూలబడింది. ఆమె చేతికి బతుకంతా వచ్చిన పని ఉతకడమే. అదే కొంప ముంచింది.

తిమ్మరాయన్ తాడు చేతిలోకి తీసుకుని, క్వారీ రాకముందటి చివర కోసం వెతికాడు.

"అక్కా, మొదటి గుడ్డలు తెల్లగా కదా ఉండె?"

ఇప్పుడు ఒక్కటీ తెల్లగా లేదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే బూడిదరంగు. ఒక్క ఉతుకుతో.

జీపు వంతెన దగ్గర ఆగింది. వీధంతా తాడు పట్టుకుని ఏట్లోకి దిగే దారికి అడ్డం కూర్చుంది. క్వారీ కాంట్రాక్టరు కేశవన్ ఎగతాళిగా నవ్వాడు. "పాత గుడ్డలు తెచ్చి పంచాయితీ పెడితిరా?"

"కొత్తదే పెడదాం. నీ తెల్లచొక్కా తియ్యి సామీ, మా దిగువన ఉతికిస్తాము," అంది రాసాత్తి.

కేశవన్ చేయి చొక్కా గుండీల మీదికి పోయింది, విప్పడానికి కాదు.

"సీసా మా రేవులో నింపు దొరా," అన్నాడు తిమ్మరాయన్. క్వారీ కూలీ నోట ఆ మాట రాగానే కేశవన్ నవ్వు ఆగింది.

"నాకు ఉత్తరువు వంతెన దగ్గరికే," అన్నాడు ఆఫీసరు, కిందికి చూస్తూ.

"అయితే జీపు కూడా వంతెన దగ్గరే ఉండనీ."

మధ్యాహ్నానికి పోలీసు వ్యాన్ వచ్చింది. పందొమ్మిది మందిని ఎక్కించారు. అందరికన్నా ముందు పళనియమ్మాళ్, చంకలో గంపతో.

మిగిలినవాళ్ళు దారి ఇవ్వకపోవడంతో సీసా ఖాళీగానే జీపు తిరిగిపోయింది. వ్యాన్ చుట్టూ మిగిలిన వీధి మూగింది.

"అమావాస్య ఎల్లుండే కదా, గుడ్డ ఎవురు కట్టేది?" లోపలినుంచి తిమ్మరాయన్ అరిచాడు.

"ఇంటికొకటి కడతాము! కొత్త గుడ్డలు!" బయటినుంచి వీధి కేక వేసింది.

"అది సరే, ఆ బూడిద ఏలవ్వా?" అడిగింది వ్యాన్‌లో పక్కనున్న రాసాత్తి.

పళనియమ్మాళ్ అలసటగా కిటికీ ఊచలు పట్టుకుని అందరికీ వినబడేలా చెప్పింది: "సెంగోడు సాంపిల్ అన్న్యాడంట. నాకు సాంబల్ అని ఇనబడె. పొయ్యంతా ఊడ్చి తెచ్చుకొంటిని. తీసుకోండే, గుడ్డలు ఉతకను పనికొస్తాది."