తుంబలహళ్లి కొమ్ముచెంబు

ధర్మపురి బజారులో సుందరరాజన్‌ది పాత్రల కొట్టు. ముందు గదిలో ఎవర్‌సిల్వర్ స్టీలు బిందెలు, ఇత్తడి అండాలు, పెళ్లిళ్లకు కొనే గంగాళాలు ఉండేవి. వెనక గదిలో ఉన్నది మాత్రం అమ్మకపు సరుకు కాదు. గోడకు బిగించిన అద్దాల బీరువాలో వెండివీ, ప్యూటర్ అనే తగరపు లోహానివీ పాతకాలపు ట్యాంకర్డులు కొలువు తీరి ఉండేవి. ఒకప్పుడు దొరలు బీరు తాగిన పిడి లోటాలవి. కొన్నిటికి బొటనవేలితో నొక్కితే తెరుచుకునే మూతలు కూడా ఉన్నాయి. బజారులో అందరూ వాటిని దొరచెంబులు అనేవారు.

ఆయనకు ఆ పిచ్చి పట్టించింది ఒక గోనెసంచి. బొమ్మిడి నుంచి తూకానికి వచ్చిన పాత సామాన్ల సంచిలో మసిబారిన పిడి లోటా ఒకటి దొరికింది. కళాయి పూసే ఎల్లప్పన్ దాన్ని గోటితో గీకి చూసి, "ఇది ఈయం జాతి అన్నా, తగరం. కరిగిస్తే శానా గిన్నెలకు కళాయి వస్తాది" అన్నాడు. తీసుకుపొమ్మని ఇవ్వబోతూ సుందరరాజన్ లోపలికి తొంగి చూశాడు. లోటాకు అడుగున గాజుబిళ్ల ఉంది. అందులోంచి ఎల్లప్పన్ మొహం వంకరగా కనబడింది. తాగేవాడికి ఎదుటి మనిషి కనబడాలని సీమలో ఎవడో కూర్చుని ఇంత ఆలోచించాడా అని ఆయనకు ముచ్చటేసింది. దాన్ని ఇవ్వలేదు.

అప్పటినుంచి ఏర్కాడు కొండమీద ఏ పాత బంగళా సామాను అమ్ముతున్నారన్నా వెళ్లేవాడు. బెంగుళూరు పేవ్‌మెంటు మీద వెండి సామాన్ల ముద్రల పుస్తకం ఒకటి కొని, నడిచే సింహం గుర్తు ఉంటే అది ఇంగ్లండు వెండి అని నేర్చుకున్నాడు. భార్య మీనాక్షమ్మ మొదట్లో, "ఈయం చెంబంటే చారు పెట్టుకునేది. బీరువాలో పెట్టి చూసుకుంటారా ఎవరన్నా?" అనేది. తర్వాత తర్వాత వెండివాటిని విబూదితో తోమే పని తనే తీసుకుంది. ఇంకెవరినీ ముట్టనిచ్చేది కాదు.

ఎనభై నాలుగులో కారిమంగళం సంతలో బిందె కొనడానికి వచ్చిన అంజప్ప అనే రైతు, మాటల్లో తమ ఊరి సంగతి ఒకటి చెప్పాడు. "మా తుంబలహళ్లిలో మునియమ్మవ్వ దగ్గర మూత ఉండే వెండిసెంబు ఉండాది. పిడి మీ బొటనవేలంత లావు." మర్నాడు కొట్టు మీనాక్షమ్మకు అప్పగించి సుందరరాజన్ పాలక్కోడు బస్సెక్కాడు.

మునియమ్మ ఇంటి ముందు కూర్చుని వేరుశనక్కాయలు వొలుస్తోంది. డెబ్బై దాటిన మనిషి. వచ్చిన పని చెప్పగానే నవ్వింది.

"ఉండాది నాయినా. ఇప్పుడు ఇంట్లో లేదు. సీనప్ప ఇంటికి పోయింది."

చుట్టాన్ని గురించి చెప్పినట్టు చెప్పి, ఒళ్లోని పొట్టు దులుపుకుని లేచి, ఆయన్ను వెంటబెట్టుకు పోయింది.

సీనప్ప కొబ్బరిచెట్టు మీద నుంచి పడి నడుం విరిగి మంచాన ఉన్నాడు. ఆయన భార్య చెన్నమ్మ పక్కన కూర్చుని గంజి తాగిస్తోంది. ఆమె చేతిలో ఉంది ఆ చెంబు. సుందరరాజన్ గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆయన దగ్గర ఉన్నవన్నీ కలిపినా అంత అందం లేదు. అరలీటరు పట్టే చిన్న ట్యాంకర్డు. పొట్ట దగ్గర నిండుగా ఉండి, మెడ దగ్గర సన్నబడి, మళ్లీ అంచు దగ్గర విచ్చుకుంది. మూత గుమ్మటంలా లేచింది. పిడి కింది కొస చిన్న ఆకులా మెలి తిరిగింది. గంజి అయ్యాక చెన్నమ్మ కడిగి చేతికిస్తే, అడుగున అరిగిపోయిన సింహం వేలికి తగిలింది. రెండు వందల ఏళ్ల నాటి పని అని ఆయనకు అర్థమైంది.

కానీ పక్కన ఎవరో కొమ్ము అతికించారు. పొట్టకు బెజ్జం చేసి, చిటికెనవేలంత గొట్టం తెచ్చి కలిపేశారు. ఆయన మనసు చివుక్కుమంది. పట్టుచీరకు గోనెపట్ట అతుకు వేసినట్టుంది చూస్తే.

"ఈ కొమ్ము ఎవరు పెట్టించినారు అవ్వా?"

"మా అత్త. మా మామోళ్ల నాయిన కొండమీద దొర దగ్గర వంట చేస్తా ఉండె. ఆ దొర సీమకు పోయేటప్పుడు ఇచ్చిపోయినాడంట. మా మామకు ఒక పక్క చెయ్యి, కాలు, మూతి అన్నీ పడిపోయినాయి. లోటాతో పోస్తే అంతా మెడలోకే పోతా ఉండె. మా అత్త దీన్ని వెండిపని ఆచారి దగ్గరికి ఎత్తుకుపోయి కొమ్ము పెట్టించె. ఆయప్ప ఆరేళ్లు దీంతోనే తాగె. ఆయప్ప పోయినాక ఊర్లో ఎవురు మంచాన పడినా అడిగి ఎత్తుకపోతారు."

బదులుగా కొత్త వెండిది, ఇంతకంటే బరువైనది చేయించి ఇస్తానని సుందరరాజన్ అన్నాడు. మునియమ్మకు కోపం రాలేదు.

"ఇది మా ఇంట్లో ఉండేదే తక్కువ నాయినా. ఊరందరిదీ అయిపోయింది. నేను ఎట్ల ఇచ్చేది?"

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆయనకు ఆ చెంబు తప్ప ఇంకేం కనబడలేదు. ఇంటికి వచ్చి మీనాక్షమ్మతో దాని నడుం గురించి, మూత గురించి చెప్పి చెప్పి, చివర్న, "కొమ్ము పెట్టి పాడు చేసినారు" అన్నాడు.

"ఎవరికి పాడయింది?" అందామె కూరగాయలు తరుగుతూ.

మరుసటి ఏడు వానలు తగ్గినాక ఒకరోజు మునియమ్మే కొట్టుకు వచ్చింది. సంచిలోంచి పాత పంచె మూట తీసి బల్లమీద పెట్టింది. కొమ్ము మొదట్లో పగిలి, ఊడడానికి సిద్ధంగా ఉంది.

"కారతా ఉండాది నాయినా. నువ్వైతే దీన్ని బాగా చూసుకునే మనిషివని తెచ్చినాను. సరి చేపిచ్చి పెట్టు. మెల్లగా వస్తాను, తొందర లేదు." చీటీ గీటీ ఏమీ అడక్కుండా బస్సుకు వెళ్లిపోయింది.

సుందరరాజన్ దాన్ని బజారులో వెండిపని చేసే గోవిందసామి ఆచారి దగ్గరికి తీసుకెళ్లాడు. ఆచారి భూతద్దం పెట్టి తిప్పి తిప్పి చూశాడు.

"అన్నా, ఈ కొమ్ము తీసేసి బెజ్జం మూసేస్తే ఎవరికీ తెలీదు. దొర చేతిలో ఎట్ల ఉండెనో అట్ల వస్తాది. ఆయమ్మకు మంచి పాలాడ, అదే పిల్లోళ్లకు పాలు పట్టే గిన్నె, ఒకటి గట్టిగా చేసి ఇస్తాను. ముసలామెకు అదే వసతి. మీకు ఇది దక్కుతాది."

ఆ మాట అక్కడే కొట్టిపారేయలేకపోయాడు సుందరరాజన్. దొంగతనం కాదు కదా, చెప్పే చేస్తాం కదా, ఆమెకూ కొత్తది వస్తుంది కదా అనుకున్నాడు. పాలాడ చేయమన్నాడు. చెంబును కొట్టుకు తెచ్చి బీరువాలో నడిమి అరలో పెట్టాడు. కొమ్ము గోడవైపుకు తిప్పితే అది ఏ రాజుల ఇంటిదో అన్నట్టుంది. వచ్చి కూర్చుని చూసేవాడు. మీనాక్షమ్మ కూడా వచ్చి చూసి, బాగుంది అనేది.

పాలాడ తయారై వచ్చింది. ముచ్చటైన పని. దాన్ని ఇచ్చేముందు పనికొస్తుందో లేదో చూడాలని ఆయనకు తోచింది. మధ్యాహ్నం కొట్టు మూసినప్పుడు వెనక గదిలో మంచం మీద వెల్లకిలా పడుకుని భార్యను పిలిచాడు.

"దీంట్లో నీళ్లు పోసి నాకు తాగించు. నేను తల ఎత్తలేను అనుకో."

"ఏమండి ఇది, పగలు పూట?"

"తాగించు, చెప్తాను."

ఆమె పాలాడతో పోసింది. పసిబిడ్డకు సరిపోయే పాత్ర అది. రెండో గుక్కకే ముక్కులోకి పోయి ఆయనకు పొలమారింది. లేచి కూర్చుని దగ్గాడు. లోటాతో పోయించుకున్నాడు, దిండు తడిసింది. అప్పుడు బీరువాలోంచి ఆ చెంబు తెచ్చి, కొమ్ము మొదట తేనెమైనం మెత్తి, నీళ్లు నింపి ఆమె చేతికిచ్చి మళ్లీ పడుకున్నాడు.

మీనాక్షమ్మ ఎడమచెయ్యి ఆయన తల కింద పెట్టి కొంచెం ఎత్తింది. కుడిచేత్తో చెంబు వంచింది. మూత మూసే ఉంది, ఒక్క బొట్టు ఒలకలేదు. నీళ్లు సన్నగా నాలుక మీదికి వచ్చాయి. ఆయన పెదవులు మూస్తే ఆగాయి, తెరిస్తే వచ్చాయి. గుక్కకూ గుక్కకూ మధ్య ఊపిరి తీసుకోవడానికి సావకాశం దొరికింది. చెంబంతా అయిపోయేదాకా ఆయన లేవలేదు.

"చెయ్యి నొప్పి పుట్టిందా?"

"లేదే. కొమ్ము పిడికి ఎదురుగా లేదు చూసినారా? పక్కకు ఉండాది. నేను పక్కన కూర్చుంటే నా చెయ్యి మడత పడే పనే లేదు. మీ మొహమూ కనబడతా ఉండె."

సుందరరాజన్ చెంబు తీసుకుని వెలుగులో పెట్టి చూశాడు. ఏడాదిగా అతుకు అనుకుంటున్న ఆ గొట్టాన్ని మొదటిసారి సరిగ్గా చూశాడు. మొదట్లో లావుగా, కొసకు సన్నగా, పెదవికి గుచ్చుకోకుండా అంచు లోపలికి మడిచి ఉంది. లోపల గంజి మెతుకు అడ్డుపడకుండా బెజ్జాల జల్లెడ కూడా పెట్టాడు ఆ మనిషి. ఇంగ్లండులో మూతకు కీలు బిగించినవాడు ఎంత ఆలోచించాడో, పేరు కూడా మిగలని ఈ చుట్టుపక్కల ఆచారీ అంతే ఆలోచించాడు. ఒక ముసలాయన నోట్లోకి నీళ్లు పోవాలన్న ఒక్కదానికోసం ఆలోచించాడు. సుందరరాజన్‌కు కళ్లు చెమ్మగిల్లాయి. మీనాక్షమ్మ చూసి, చూడనట్టు దిండు తీసి ఎండలో వేయడానికి వెళ్లింది.

సాయంత్రం ఆయన గోవిందసామి దగ్గరికి వెళ్లి, "కొమ్ము అదే పెట్టు. అదే వాలు. వెంట్రుకవాసి తేడా రాకూడదు" అన్నాడు.

"మీకు వద్దా అన్నా?"

"కొమ్ము లేకపోతే నాకూ వద్దు."

గోవిందసామి కొమ్మును అదే వాలులో అతికించాడు. అతుకు చల్లారాక నీళ్లు పోసి చూసి, "పెట్టినోడు చానా పెద్ద పనోడన్నా" అన్నాడు. కూలి తీసుకోలేదు.

మునియమ్మ వచ్చేదాకా ఆగకుండా సుందరరాజనే తుంబలహళ్లికి పట్టుకెళ్లాడు. ఆమె చెంబును తిప్పి చూసింది, నీళ్లు పోసి వంచి చూసింది, తల ఊపింది. ఆ నిమిషంలోనే అంజప్ప కోడలు గుమ్మంలోకి వచ్చి, మామకు విషజ్వరమని, చెంబు కావాలని అడిగింది. మునియమ్మ పక్కింటికి పంచదార ఇచ్చినంత తేలిగ్గా ఇచ్చి పంపింది. తనకు ఆ సంగతి మొదట చెప్పిన అంజప్ప నోటికే అది వెళుతోందని సుందరరాజన్‌కు తట్టింది. ఆ కోడలి వెంటే వెళ్లి అంజప్పను పలకరించి వచ్చాడు.

ఎనభై ఎనిమిదిలో రాజమాణిక్కం అని కోయంబత్తూరు నుంచి ఒక మిల్లు యజమాని వచ్చాడు. ఆయనా ట్యాంకర్డులు పోగుచేసే మనిషే. బీరువా అంతా చూసి, గాజు అడుగుదాన్ని కంటికి పెట్టుకుని నవ్వి, తన దగ్గర కూడా ఇంత మంచివి లేవని ఒప్పుకున్నాడు.

"అన్నిట్లోకీ మంచిది ఇక్కడ లేదండీ" అన్నాడు సుందరరాజన్.

"బ్యాంకు లాకర్లో పెట్టినారా?"

"లేదు. పాలక్కోడు బస్సెక్కి పోవాల. ఏ ఇంట్లో ఉండాదో అక్కడ దిగి అడగాల."

రాజమాణిక్కం నమ్మలేదు. కారు ఉంది కదా, పోదాం పదండి అన్నాడు. మీనాక్షమ్మ లోపలినుంచి రెండు కమలాపళ్ల సంచులు తెచ్చి భర్త చేతికిచ్చింది. అక్కడ ఎవరో ఒకరు మంచాన ఉంటారు కదా, ఊరికే చేతులూపుకుంటూ ఎట్ల పోతారు అంది.