కుట్లు వేసిన కీ

నేను ఒక స్టాటిస్టిక్సు మోడల్ పేపర్ల పుస్తకాన్ని. పుట్టుకలోనే తప్పుంది నాకు, ముందే చెప్పేస్తున్నాను. బెజవాడలో ఒక ప్రెస్సువాళ్ళు పరీక్షలు ముంచుకొస్తున్నాయని నన్ను ఆదరాబాదరాగా అచ్చువేశారు. నా చివరి జవాబుల పేజీల్లో ఏడో పేపరు కీ ఎనిమిదో దాని శీర్షిక కింద, ఎనిమిదో దాని కీ ఏడో దాని కింద పడ్డాయి. ప్రూఫు దిద్దాల్సిన పెద్దమనిషి టీకి వెళ్ళాడు. అట్ట మీద మాత్రం 'నూటికి నూరు శాతం సరైన జవాబులు' అని బంగారు రంగులో వేశారు. అది తల్చుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

నన్ను మొదట కొన్నవాడు చక్రధర్. ఏలూరులో ఓపెన్ డిగ్రీ వాళ్ళకు ట్యూషన్ చెప్పే కోటిలింగం మాస్టారి శిష్యుడు. "ప్రశ్నలు చదివి టైము పాడుచేసుకోకు. కీ చూసి టిక్కులు పెట్టుకో, టిక్కులు బట్టీ కొట్టు," అన్నారు మాస్టారు. వాడు నా మొదటి పేజీ చూడనేలేదు. వెనక నుంచి మొదలుపెట్టి నా ఒళ్ళంతా పెన్సిలు టిక్కులతో నింపాడు. పరీక్ష తప్పాడు. "దరిద్రపు పుస్తకం," అని పాత పుస్తకాల బండి మీద పడేశాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు!

అక్కణ్ణుంచి నన్ను తెచ్చుకుంది ఎస్తేరు. ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో అటెండరు, నలభై రెండేళ్ళ మనిషి. డిగ్రీ అంతా పాసై, నాలుగు క్రెడిట్ల స్టాటిస్టిక్సు పరీక్ష ఒక్కటే రెండుసార్లు తప్పింది. ఈసారి గట్టెక్కితేనే జూనియర్ అసిస్టెంటు పోస్టు. లేకపోతే అది వేరేవాళ్ళకు వెళ్ళిపోతుంది.

రెండు ఆదివారాలు చర్చి నుంచి రాగానే కూర్చుని ఆ టిక్కులన్నీ రబ్బరుతో చెరిపింది. తర్వాత సూదీ దారం తెచ్చి నా వెనక కీ పేజీలను కుట్టేసింది! "చెయ్యి ఊరుకోదు, చూసేస్తాది," అనుకుంది. గడియారం ఎదురుగా పెట్టుకుని గంటలో ముప్ఫై ప్రశ్నలు రాసేది. అప్పుడే కుట్లు విప్పి దిద్దుకునేది, మళ్ళీ కుట్టేది. మొదటి పేపరుకు పన్నెండు మార్కులు. ఆరో పేపరుకు ఇరవై నాలుగు.

ఏడో పేపరుకు ఆరు వచ్చాయి. "నా బుర్ర ఇంతే," అని నన్ను మూసేసింది. తప్పు నీది కాదమ్మా, నాది! నోరుంటే అరిచేదాన్ని. ఆ ప్రెస్సువాణ్ణి నా పేజీలతోనే చెంపలు వాయించాలనిపించింది.

మర్నాడు నన్ను, తనకూ ట్యూషన్ చెప్పే కోటిలింగం మాస్టారి దగ్గరికి పట్టుకెళ్ళింది. "పన్నెండో ప్రశ్న చూడండి మాస్టారండీ. నాకు ఏడొస్తంది, కీలో పదిహేనుంది."

ఆయన ప్రశ్న వైపు కన్నెత్తి చూడలేదు. "అచ్చులో ఉన్నది తప్పవుద్దా? గ్లాసులు కడుక్కునేదానివి, నీకెందుకమ్మా ఈ ఆరాలు? కీ బట్టీ కొట్టు."

ఎస్తేరు నన్ను సంచిలో పెట్టుకుంది. నేరుగా ల్యాబుకు వెళ్ళింది. ఆ ప్రశ్న నాకు కంఠతా వచ్చు: 4, 9, 2, 15, 7. వీటి మధ్యగతం ఎంత? అయిదు గాజు గొట్టాలు తీసి, ఒక్కోదాంట్లో అన్నేసి మిల్లీలీటర్ల నీళ్ళు పోసింది. తక్కువ నుంచి ఎక్కువకు వరసగా స్టాండులో నిలబెట్టింది. నడిమి గొట్టంలో ఏడు.

"ఏడే కదా!" అని పైకే అనేసింది. పక్కనే ఎనిమిదో పేపరు కీలో పన్నెండో దానికి ఏడని కనబడితే, మిగతా జవాబులనూ ఆ కీతోనే సరిచూసుకుంది. ఇరవై ఆరు కలిశాయి. నా మీద ఎర్ర ఇంకుతో రాసింది: 'కీ తప్పు. నేను రైటు.'

ఆమె పాసైంది, పోస్టూ వచ్చింది. నేనిప్పుడు ఆఫీసులో ఆమె టేబులు సొరుగులో ఉంటాను. నా కొత్త ముద్రణ కూడా వచ్చిందట. అట్ట మార్చారు, తప్పు మార్చలేదు, సిగ్గులేని జనం!

నిన్న కోటిలింగం మాస్టారు వచ్చారు. ఈ సంవత్సరం శిష్యులంతా మూకుమ్మడిగా తప్పారట. "మేడమ్, సరైన కీ మీ దగ్గరుందంట. ఒక్కసారి ఇస్తే రాసుకుంటాను."

ఎస్తేరు నన్ను తీసి ఆయన ముందు పెట్టింది. వెనక కుట్లు అలాగే ఉన్నాయి. పక్కన పెన్సిలు కూడా పెట్టింది.

"ముందు ఏడో పేపరు రాయండి మాస్టారండీ. కుట్లు తర్వాత విప్పుదురుగాని."

పన్నెండో ప్రశ్న దగ్గర ఆయన పెన్సిలు ఆగిపోయింది.