ఆరో బాదంపప్పు

వియ్యపురాలు చర్చికి వెళ్ళిన గంటలో భానుమతి ఆ పని కాస్తా చేసేసింది. చేసి, ఏమీ ఎరగనట్టు కాఫీ పెట్టుకుంది.

అమెరికాలో, ఎడిసన్ అనే ఊళ్ళో కూతురు శ్రీలేఖ ఇంటి డైనింగ్ టేబుల్ మీద బుట్టెడు గులాబీరంగు జాలీగుడ్డ సంచులున్నాయి. ఒక్కోదాంట్లో పంచదార పూత పూసిన బాదంపప్పులు ఐదేసి. ఇటలీ వాళ్ళింట ఆడపిల్ల పుడితే, చూడవచ్చినవాళ్ళ చేతిలో ఇవి పెట్టి పంపుతారట. అల్లుడు డొమినిక్ తల్లి రోజలీ వారం నుంచీ అవే కడుతోంది. పిల్ల మాత్రం ఇంకా ఇంటికి రాలేదు. నెలలు నిండకుండా పుట్టి, ఆస్పత్రిలో అద్దాల పెట్టెలో గొట్టంతో ఊపిరి పీలుస్తోంది. ఈ మధ్యాహ్నం ఆ గొట్టం తీసి చూస్తామన్నారు డాక్టర్లు. తల్లిదండ్రులు తప్ప ఎవరూ రావద్దన్నారు.

భానుమతికి ఆ ఐదు మింగుడుపడలేదు. తాంబూలమిస్తే ఆకులు రెండు, వక్కలు రెండు, పళ్ళు రెండు. ఒంటిపండు ఎవరి చేతిలోనైనా పెట్టిందా ఎన్నడైనా? రెండు జతలు పోగా మిగిలిన ఆ ఒక్క పప్పూ అద్దాల పెట్టెలో పిల్లలాగే కనిపించింది. చూడలేకపోయింది. ప్రతి సంచీ విప్పి, దానికో తోడు వేసి కట్టేసింది.

రోజలీ తిరిగొచ్చింది. ఒక ముడి వదులుగా ఉందని విప్పింది. లెక్కపెట్టింది. ఇంకోటి విప్పింది. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"ఇందులో ఆరున్నాయేంటి భానూ?" అంది ఇంగ్లీషులో.

"నేనే వేశాను. మా వాళ్ళం ఒంటిది ఇవ్వం."

"ఐదే ఉండాలి. ఆరోగ్యం, ఐశ్వర్యం, సంతోషం, సంతానం, దీర్ఘాయువు. ఐదుని రెండుగా పంచలేరు, అందుకే ఐదు. ఆరైతే సగానికి విడిపోతుంది." విప్పిన సంచీ టేబుల్ మీద పడేసింది. "ఇవాళా నువ్వు ఈ పని చేసేది?"

భానుమతికి కోపం వచ్చింది. పిల్ల ఇల్లు చేరకముందే బుట్ట నింపింది నువ్వు కాదూ అన్న మాట నోటిదాకా వచ్చి ఆగింది. ఎదుటి మనిషి కళ్ళలో ఉన్నదీ తన భయమే.

"కూర్చో. తీసేద్దాం," అంది.

ఇద్దరూ మొదలుపెట్టారు. విప్పడం, ఒకటి తీయడం, కట్టడం. రోజలీ వేళ్ళు తడబడితే ఆ ముడి భానుమతే వేసింది. సగం బుట్ట అయ్యేసరికి ఫోన్ మోగింది. ఎవరికీ చెయ్యి సాగలేదు. చివరికి భానుమతే స్పీకర్ నొక్కింది.

"అమ్మా, ట్యూబ్ తీసేశారు," శ్రీలేఖ వెక్కుతోంది. "తనే బ్రీత్ చేస్తోంది. గంట వెయిట్ చేసి కాల్ చేస్తున్నా. స్టేబుల్‌గా ఉందన్నారు."

రోజలీకి తెలుగు ముక్క రాదు. ఆమెకు అర్థమైంది ఏడుపొక్కటే. టేబుల్ అంచు పట్టుకుని కళ్ళు మూసుకుంది.

"కాదు, కాదు," భానుమతి ఆమె భుజాలు పట్టుకుంది. "ఊపిరి తీసుకుంటోంది రోజలీ. తనంతట తనే."

అప్పుడు ఇద్దరూ కరువుతీరా ఏడ్చారు. కాసేపటికి భానుమతి కళ్ళు తుడుచుకుని తర్వాతి సంచీ అందుకోబోయింది. రోజలీ గబుక్కున మణికట్టు పట్టుకుంది.

"వద్దు. ఇంక దేన్నీ ముట్టుకోకు."

సగం సంచుల్లో ఐదు, సగం సంచుల్లో ఆరు. ఏది పనిచేసిందో ఎవరు చెప్పగలరు? భానుమతి మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుంది. పిల్ల ఇంటికొచ్చేదాకా ఇద్దరూ ఆ టేబుల్ జోలికి పోలేదు. వంటింట్లో నిలబడే అన్నాలు తిన్నారు.