ఆ ఊళ్లో ఒక్కడే తెలుగోడు

బోటనీ డౌన్స్ హాల్లో ఆ ఆదివారం తెలుగు సంఘం సభలో నేనూ చప్పట్లు కొట్టాను. ఆ సంగతి ముందే చెప్పేస్తాను. లేకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది.

సోషియాలజీ ప్రొఫెసర్ మధుసూదన్ గారు బర్మా వెళ్లి, సైన్యం మీద తిరగబడ్డ జనం మధ్య ఐదు నెలలుండి పుస్తకం రాశారు. అందులోంచి చదివి వినిపించారు. సరిహద్దు దగ్గర ఓ చిన్న ఊరు, ఊరి పేరుతో సహా. అక్కడ గాయపడ్డ తిరుగుబాటుదారులకు చాటుగా కుట్లు వేసే కాంపౌండరు. ముత్తాత కాలంలో వలసపోయిన కుటుంబం. "అన్నం తిన్నారా అండీ" అని తెలుగులో పలకరించాడట! హాలు ఊగిపోయింది. నేను వీడియో తీసి, 'బర్మా విప్లవంలో మన తెలుగోడు' అని నలభై గ్రూపులకు పంపాను.

మర్నాడు మనురేవాలో, మేం పనిచేసే వృద్ధాశ్రమం లాండ్రీలో, ప్రేమజ్యోతి ఆ వీడియో ఆడుతున్న ఫోన్ నా మొహం ముందు పెట్టింది. రంగూన్‌లో పుట్టిన మనిషి. యూనియన్‌లో ఆమెను చేర్చింది నేనే.

"ఈ కాంపౌండరు మా తమ్ముడు మైఖేల్, అన్నా."

"పుస్తకంలో పేరు మార్చారు కదమ్మా!"

"పేరెవడిక్కావాలి? ఆ ఊళ్లో తెలుగు మాట్లాడేవోడు ఈడొక్కడే."

షిఫ్ట్ దిగి నేరుగా ప్రొఫెసర్ ఇంటికి పోయాం. ఆయన ఫైలు తెరిచారు. "చూడమ్మా, ఒప్పుకునే సంతకం పెట్టాడు. రూల్ ప్రకారమే చేశాను."

"తెలుగోడని ఎందుకు రాశారు సార్?"

ఆయన కళ్లజోడు తీశారు. "మనవాళ్లు సంతోషిస్తారని..."

ఫైలు మూసి, "రెండో ముద్రణలో తీసేస్తాను" అన్నారు.

నాకు మండింది. "రెండో ముద్రణ దాకా మిలిటరీవాళ్లు ఆగుతారా?"

ప్రేమజ్యోతి నా వైపు తిరిగింది. "నువ్వు ఆగావా అన్నా? ఆదివారం సాయంత్రానికే పంపేశావు."

ఇరవై ఏళ్లుగా యూనియన్ మీటింగుల్లో మైకు పట్టుకున్నవాణ్ని. జేబులోంచి ఫోన్ తీశాను.

నలభై గ్రూపుల్లోనూ వీడియో తీసేశాను. ఏం లాభం? బుధవారం నుంచి మైఖేల్ ఫోన్ మోగడం లేదు. గురువారం పొరుగావిడ కబురు పంపింది: మిలిటరీ ట్రక్కు వచ్చింది, క్లినిక్‌కి తాళం వేశారు, మనిషి లేడు.

శుక్రవారం ఇద్దరం దుప్పట్లు మడుస్తున్నాం. నా ఫోన్ కంగుమంది. క్రైస్ట్‌చర్చ్ నుంచి ఎవరో, ముక్కూమొహం తెలియదు. నా వీడియోనే. కింద: 'తెలుగు రక్తమంటే ఇదీ! పదిమందికి పంపండి.'

"ఎవరది, అన్నా?" అంది ప్రేమజ్యోతి, తల ఎత్తకుండా.

ఫోన్ జేబులో పెట్టేసి, దుప్పటి రెండో కొస అందుకున్నాను.